గుణింతం లేని జాతి

సుబేదారిల కోర్టు గోడ పక్కన
నా బల్ల పెట్టి ముప్పై ఏండ్లు.
ఒక గొడుగు, రెండు కుర్చీలు, కార్బన్ కాగితాల కట్ట.
పేరు అడుగుత, తండ్రి పేరు అడుగుత,
కులం అడిగేటప్పుడు మాత్రం
తలెత్తకుండ అడుగుత.

బుధవారం రాత్రి సోమిడి ప్రార్థనింట్ల
పాఠం చదివే వంతు నాది.
ఆ వారం తగిలింది ఒక ఫిర్యాదు.
యెరూషలేముల గోడ లేస్తున్నది మహారాజా,
లేవనిస్తే వీళ్ళు పన్ను కట్టరని
రాజుకు రాసిన అర్జీ.
రాసినోని పేరు షింషయి.
మా పనోడే, అనుకొని లోపల నవ్వుకున్న.

పంపినోళ్ళ పేర్లకాడ నాలుక మొరాయించింది.
దీనాయీయులట, టర్పెలాయీయులట,
కాజీపేటల ఆగకుండ ఉరికే బండిమీది బోర్డు
చదివినట్టు చదువుకుంట పోతున్న.
షూషన్కాయీయులు, దెహావేయులు...

"ఆగు బిడ్డా" అన్నది ఎలీసమ్మ.
బీడీలు చుట్టి చుట్టి వంకరపోయిన వేలు ఎత్తి
"గా దెహావేయులు ఎవ్వలు? వాళ్ళదే ఊరు?"

మార్కయ్యగారు డోర్నకల్ల చదువుకున్నడు,
కండ్లద్దాలు తుడుచుకుంట మెల్లగ చెప్పిండు.
అది అరామిక్ భాషమ్మా.
పాత రాతల గుణింతం ఉండకపోయేది, ఉత్తి హల్లులు.
గుడి, కొమ్ము, ఏత్వం
ఎన్నో తరాలు గడిచినంక ఎవరో పెట్టిన్రు.
ఈ ఒక్క మాటకు తప్పు గుణింతం పడ్డదని
కొందరు పండితులు అంటరు.
ఆడ ఉన్నది జాతి కాదట.
'అంటే' అన్న మాటట.
షూషను వాళ్ళు, అంటే ఏలామీయులు.
గంతే.

అంటే-కు తలపాగ చుట్టి
వేలిముద్ర వేయించి
జనంల నిలబెట్టిన్రన్నమాట.
అందరు నవ్విన్రు.
నాకు నవ్వు రాలే.

తొంభై ఆరో, ఏడో.
ములుగు దిక్కునుంచి ఇద్దరొచ్చిన్రు సర్టిఫికెట్ల కోసం.
ముందటోన్ని అడిగిన, చెప్పిండు, రాసిన.
వెనకటోన్ని అడిగిన.
"గదే సారూ" అన్నడు.
ఎండ కణకణ మండుతున్నది,
అవతల ఎవరిదో జామీను లొల్లి.
నా చెయ్యి రాసింది:
కులం, గదె.
లోపల గుమాస్త చదవలే, స్టాంపు గుద్దిండు.

అయినంక ఎన్నో ఏండ్లకు
ఒక పిలగాడు బల్లకాడికొచ్చి
మడతల కాడ చినిగిన కాగితం విప్పిండు.
"లిస్టుల మా కులం దొరుకుత లేదు సారూ.
పదిహేడు గడపలు మావి, అన్ని గదెలే.
ఓరుగల్లు కోట గోడకు మన్ను మోసెతందుకు
ఎక్కడినుంచో వచ్చినోళ్ళమని
మా నాయిన చెప్తడు."

ఆ అక్షరం నాదే.
దకారం బొడ్డుకాడ నా చెయ్యి ఇప్పటికి అట్లనే వంగుతది.
చెప్పలేకపోయిన.
అర్జీ రాసిచ్చిన, పైసలు తీసుకోలే.
'అనగా' అన్న మాట
ఆ ఒక్క కాగితంల ఎక్కడ రాయలే.

మళ్ళ బుధవారం
ఎలీసమ్మ మోకాళ్ళ మీద ఒరిగి
మిల్లు మూతబడ్డంక తాగుడు మరిగిన కొడుకు కోసం,
కిడ్నీలు చెడ్డ రాహేలు కోసం,
దెహావేయుల కోసం ప్రార్థన చేసింది.
"వాళ్ళు లేరమ్మా, మొన్న చెప్పిండు గద అయ్యగారు"
అన్న, చెవుల.
"లేకపోతేంది?
గన్నేండ్లసంది పేరు పెట్టి పిలుస్తున్నరు.
ఒక్కలన్న పలకాలె గద."

గురువారం పొద్దు,
గొడుగు ఇంక సరిగ విప్పనే లేదు,
ఎర్ర రుమాలు చుట్టిన ముసలాయన, వెనక ఆయన బామ్మర్ది.
పేరు రాసిన. తండ్రి పేరు రాసిన.
బామ్మర్ది వంతు వచ్చింది.
"గదే" అన్నడు, ఆవలించుకుంట.

కలం పక్కకు పెట్టిన.
తలెత్తి ఆయన మొకం చూసిన.
అడిగిన:

"గదే, అంటే?"